చెయ్యి తిరగని రోజు

మా ఆవిడ ముప్పై ఏళ్ళనుంచి దోసెలు పోస్తోంది. అదే పెనం, అదే గరిటె, అవే పాళ్ళలో రుబ్బిన పిండి. అయినా ఏడాదికి ఏ నాలుగైదు రోజులో దోసె పెనాన్ని వదలనంటుంది. మొదటిది ముక్కలవుతుంది. రెండోది మాడుతుంది. మూడోదాని సంగతి చెప్పనక్కర లేదు. అటువంటి రోజున ఆవిడ పిండిని తిట్టదు, పొయ్యిని తిట్టదు. (నన్ను మాత్రం కాస్త విసుక్కుంటుంది, అది వేరే సంగతి.) పిండిగిన్నె మీద మూతపెట్టి, మూకుట్లో పోపువేసి, ఉప్మా చేసేస్తుంది. “ఇవాళ చెయ్యి తిరగడం లేదండీ” అంటుంది. అంతటితో సరి.

మోటారు సైకిలు నడిపేవాళ్ళకు కూడా అటువంటి రోజులు వస్తాయి. నిన్నటిదాకా ఒంట్లో భాగంలాగా ఒదిగిపోయిన బండి ఇవాళ ఎవరిదో ఎరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఒక మలుపులో అవసరానికి మించి వంగుతుంది, ఇంకో మలుపులో అసలు వంగనంటుంది. గేరు వేద్దామంటే కాలికి అందదు, అందితే కర్రుమంటుంది. మలుపు తిరిగి మైలు దూరం పోయినా ఇండికేటరు మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. ఎదురొచ్చేవాడెవడో చెయ్యి ఆడించి చెబితే తప్ప మనకు తెలియదు. రోడ్డు మారలేదు, బండి మారలేదు. మారినదల్లా నడిపేవాడు.

అయితే దోసె చెడితే ఉప్మా తింటాం. ఇక్కడ అట్లా కాదు. కేంద్ర రవాణా శాఖవారి లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవారే. అందులో ఎంతమంది చెయ్యి తిరగని రోజున బయలుదేరారో ఏ శాఖవారూ లెక్క కట్టరు. కట్టడానికి వీలూ లేదు.

ఆ లెక్కలోకి నేనూ, నాతోపాటు మా ఆవిడా చేరబోయి తప్పుకున్న కథ చెబుతాను.

నా బండి బుల్లెట్టు. 1987లో మా అన్నయ్య కొన్నాడు, తరవాత నాకు దఖలు పడింది. ఈ జాతి బళ్ళకు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం. 1955 నుంచి మద్రాసులో తయారీ మొదలైంది. క్రమంగా ఇంగ్లండులో అవి ఆగిపోయినా, తిరువొత్తియూరు బుల్లెట్టు మాత్రం దుగ్ దుగ్ మంటూ మన రోడ్ల మీద సాగుతూనే ఉంది. పాతకాలపు బుల్లెట్టుకొక విశేషముంది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. మొదటి గేరు పైకి ఎత్తాలి, మిగిలిన మూడూ కిందికి నొక్కాలి. తరవాతి కాలంలో వచ్చిన బళ్ళకు ఇది తారుమారు: గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

మార్గశిర మాసం. కాకినాడలో మా మేనకోడలి పెళ్ళి. మాది రాజమండ్రి. కాలవగట్టు వెంట కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగా అరవై పైచిలుకు కిలోమీటర్లు. ముప్పై ఏళ్ళుగా పోతున్న దారి. ఏ వంతెన దగ్గర గేదెలు అడ్డం వస్తాయో కూడా తెలుసు.

ముందురోజు మా అబ్బాయి హైదరాబాదునుంచి కొత్త మోటారు సైకిలు మీద వచ్చాడు. వాడు ప్రయాణపు బడలికతో పడుకుంటే, పెళ్ళి పనులకోసం రోజల్లా ఆ బండే నేను తిప్పాను. బట్టల కొట్టుకు, కంసాలి దగ్గరికి, మళ్ళీ బట్టల కొట్టుకు. రాత్రి సామాను సర్దేసరికి ఒంటిగంట. ముక్కు దిబ్బడగా ఉంటే జలుబు మాత్ర వేసుకున్నాను. నాలుగింటికి మా ఆవిడ లేపింది. మూడు గంటలు పడుకున్నాననే మాటే గాని, అది నిద్ర కాదు.

ఇక్కడొక విషయం చెప్పాలి. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. కొందరిని ఒకసారి నిద్రపోనీయకుండా కూచోబెట్టి, ఇంకోసారి వాళ్ళకే మద్యం తాగించి, కంటికీ చేతికీ సమన్వయం ఎంతుందో కొలిచారు. 17 గంటలు ఏకబిగిని మేలుకున్నవాడి చెయ్యి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చెయ్యితో సమానంగా తడబడిందట. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే, చుక్క ముట్టని పెద్దమనిషి కూడా నిద్ర కాచి బండెక్కితే తాగినవాడితో సమానమే. పోలీసువారి గొట్టంలో ఊదితే మాత్రం ఏమీ పట్టుబడదు. ఆ పైన జలుబు మాత్ర. వీటిలో చాలావాటికి మత్తు గుణముంటుంది. చీటీ మీద రాసే ఉంటుంది, మనం చదవం.

సరే. అయిదున్నరకు బయలుదేరాం. పాత బుల్లెట్టును లేపడమంటే దానికొక పూజావిధానముంది. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కాలి. డీకంప్రెసరు మీట పట్టి ఇంకాస్త దింపాలి. అప్పుడు వదిలి తన్నాలి. నాకు సాధారణంగా రెండో తన్నుకు అందుకుంటుంది. ఆ రోజు ముల్లు చూడకుండానే తన్నాను. కిక్కురాడ్డు ఎదురుతన్ను తన్నింది. చీలమండ దగ్గర చుక్కలు కనిపించాయి. అయిదో తన్నుకు గాని బండి లేవలేదు.

“కాలు నొప్పిగా ఉందా?” అంది మా ఆవిడ.

“లేదు లేదు, ఎక్కు” అన్నాను.

ఆవిడ పెళ్ళికి ముస్తాబై ఉంది. తలలో చేమంతులు. హెల్మెట్టు పెట్టుకోమంటే, “ముహూర్తానికి చేరేసరికి పూలన్నీ నలిగిపోతాయి” అని సంచీలో వేసింది. ఇంకోరోజు అయితే పోట్లాడేవాణ్ణి. ఆలస్యమవుతోందని ఊరుకున్నాను.

కడియం దగ్గర మంచు. నర్సరీలలో మొక్కలన్నీ దుప్పటి కప్పుకున్నట్టున్నాయి. అక్కడున్న స్పీడు బ్రేకరు నాకు ముప్పై ఏళ్ళ పరిచయం ఉన్నదే. అయినా దాని మీద ఎగిరిపడ్డాకనే అది ఉన్నదని గుర్తొచ్చింది. ద్వారపూడిలో ఒక ఆటో ఆగితే గేరు తగ్గించబోయి రెండు గేర్ల సందులో ఇరికించాను. ఇంజను ఊరికే గర్జించింది, బండి కదల్లేదు. వెనక లారీవాడు హారను కొట్టాడు. అనపర్తి ఇవతల రోడ్డు మీద ఒక గుంట. చాలా దూరంనుంచే చూశాను. అదుగో గుంట, అదుగో గుంట అనుకుంటూనే సరాసరి తీసుకుపోయి అందులోనే దించాను.

ఈ గుంట సంగతి విడ్డూరంగా కనిపించవచ్చు గాని, దీనికి కారణముంది. మోటారు సైకిలు చూపు వెంట పోతుంది. వేగంగా పోతున్నప్పుడు హేండిలు కుడిపిడిని ఏమాత్రం ముందుకు నెట్టినా బండి కుడివైపు వంగి కుడికే తిరుగుతుంది. ఆ నెట్టేది మనం ఆలోచించి చేసేది కాదు; కళ్ళెటు చూస్తే చేతులు అటు నెడతాయి. మంచి రోజున కన్ను గుంటను ఒకసారి చూసి, పక్కనున్న చదును వెతుక్కుంటుంది. చెడ్డరోజున గుంటకే అతుక్కుపోతుంది.

అసలు చేతనైన పని ఏదైనా అంతే. ముగ్గు వేసే ఇల్లాలిని మధ్యలో ఆపి “ఈ చుక్కనుంచి ఏ చుక్కకు కలుపుతారమ్మా?” అని అడిగి చూడండి, చెయ్యి ఆగిపోతుంది. వేళ్ళకు తెలిసినదాన్ని బుర్ర చేతిలోకి తీసుకుంటే పని చెడుతుంది. రెండు తప్పులు జరిగాయంటే మూడోది జరగకూడదని మనం ప్రతి గేరునూ, ప్రతి బ్రేకునూ లెక్కపెట్టడం మొదలుపెడతాం. ఆ లెక్కలో పడి రోడ్డు చూడడం మరిచిపోతాం. ఒక తప్పు ఇంకో తప్పును కంటుంది.

అనపర్తి దాటేసరికి, ఎప్పుడూ ఒళ్ళో సంచీ మీద ఉండే మా ఆవిడ చెయ్యి నా భుజం మీదకు వచ్చింది. మాట అనలేదు. ఆ చెయ్యి బరువు నాకు తెలిసింది. తెలిసి ఏం చేశాను? నెమ్మదించానా? వేగం పెంచాను. ఎందుచేతనంటే, ఇంతసేపూ వెధవాయిలాగా నడిపాను గదా, ఇప్పుడు బాగా నడిపి చూపించాలి! మగవాడి రోషం ఎంత పనికిమాలినదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర లేదు.

ఎదురుగా ఒక ట్రాక్టరు, ట్రాలీ నిండా వరిగడ్డి. రోడ్డుకు ఎడమపక్క సగందాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. దూరాన ఒక బస్సు కనిపించింది. కనిపించలేదని అబద్ధమాడను, కనిపించింది. ఇంకా చాలా దూరముంది అనుకున్నాను. మూడో గేరులో పక్కకు తీసి ట్రాక్టరును దాటబోయాను. సగం దాకా వెళ్ళేసరికి బస్సు అద్దం వెనక డ్రైవరు చొక్కా రంగు కనిపిస్తోంది.

నేను గంటకు 50 కిలోమీటర్లు, బస్సు 60 అనుకోండి. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 30 మీటర్ల చొప్పున హరించుకుపోతుంది. అమెరికాలో హారీ హర్ట్ అనే ఆచార్యుడు లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించాడు. ప్రమాదం ముంచుకొస్తోందని తెలిసిన క్షణంనుంచి తాకిడి దాకా చాలామందికి దక్కిన వ్యవధి రెండు సెకన్ల లోపే. అందులోనే చూడాలి, తేల్చుకోవాలి, చెయ్యాలి. చాలామంది వెనక బ్రేకు అదిమిపట్టి, ఎక్కువ పనిచేసే ముందు బ్రేకును సరిగా వాడలేదని కూడా ఆయన చెప్పాడు.

రెండు సెకన్లలో బుర్ర పనిచెయ్యదు. కాలు దానికి అలవాటైన పని అది చేసేస్తుంది. వెనక్కి తగ్గి ట్రాక్టరు వెనక్కు చేరాలనుకున్నాను. కుడికాలు బలంగా కిందికి తొక్కాను.

పాఠకులకు ఇప్పుడు జ్ఞాపకం వచ్చి ఉంటుంది. ముందురోజంతా మా వాడి కొత్త బండి మీద కుడికాలు బ్రేకు తొక్కుతూ వచ్చింది. నా బుల్లెట్టుకు కుడికాలి కింద ఉన్నది గేరు. ఆగవలసిన బండి నాలుగో గేరులోకి దూరింది! వేగం తగ్గలేదు సరిగదా, ఇంజను పట్టుకూడా సడలి ఇంకా తేలికగా సాగిపోయింది. మంచి నిద్రపోయి లేచిన రోజైతే కాలికి ఆ పొరపాటు వచ్చేది కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క రోజు అలవాటును అణిచిపెట్టేది. ఆ రోజు కావలి కాసేవాడు లేడు.

ముందు బ్రేకు కుడిచేతి కిందనే ఉంది. అది అన్ని బళ్ళకూ ఒక్కచోటే ఉండబట్టి బతికాం. పిడి బిగించాను. బండి ముక్కు నేలకు వంగింది, మా ఆవిడ మొత్తం బరువుతో నా వీపు మీద పడింది. ట్రాలీ నన్ను దాటి ముందుకు పోయింది, దాని వెనక సందులోకి ఎట్లా దూరానో నాకు తెలియదు. వేలాడే వరిగడ్డి నా హెల్మెట్టును రాసుకుంది. హారను మోగిస్తూ బస్సు దాటిపోయిన గాలికి బండి ఊగింది.

కాలవగట్టు వైపు దించి, ఇంజను ఆపి, స్టాండు వేశాను. చేతులు వణుకుతున్నాయి. మా ఆవిడ దిగింది. సంచీ కిందపడి అందులోంచి హెల్మెట్టు దొర్లి గడ్డిలో ఆగింది. ఆవిడ దాన్ని తీసి, పమిటచెంగుతో మట్టి తుడిచి, చేత్తో పట్టుకుని నిలబడింది. తలలో చేమంతులు ఒక్కటి నలగలేదు.

ఆ హెల్మెట్టును చూస్తే నాకు లారెన్సు కథ గుర్తొచ్చింది. అరేబియా లారెన్సుగా పేరుమోసిన ఆయన మోటారు సైకిళ్ళంటే ప్రాణం పెట్టేవాడు. బ్రఫ్ సుపీరియర్ బళ్ళు ఒకదాని తరవాత ఒకటి కొన్నాడు. చెయ్యి తిరిగినవాడు. 1935 మే 13న ఇంగ్లండులో డార్సెట్ పల్లెదారిలో సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరో రోజున పోయాడు. చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. సైన్యంలో వార్తలు చేరవేసే మోటారు సైకిలు వాళ్ళ తలదెబ్బలన్నీ పరిశీలించి, శిరస్త్రాణం వల్ల ఎంత మేలో 1941లో వైద్యపత్రికలో రాశాడు. మన చట్టం కూడా నడిపేవాడితోపాటు వెనక కూచున్నవాళ్ళకూ హెల్మెట్టు తప్పదంటుంది. మన ఊళ్ళలో వెనక కూచునే ఆడవాళ్ళ తలలు లెక్కపెట్టి చూడండి, ఎన్నింటికి ఉందో. ఇందులో నేను ఎవరినీ దెప్పడం లేదు. పూలు నలుగుతాయంటే సరేనన్న మొగుణ్ణి నేను.

“కాస్త స్థిమితపడ్డాక పోదాం” అన్నాను కొంతసేపటికి. “ఇక నెమ్మదిగా నడుపుతాను.”

ఆవిడ కాలవ వైపు చూస్తూ నెమ్మదిగా అంది: “దోసె రాకపోతే ఏం చేస్తామండీ? ఉప్మా చేసుకుంటాం గదా. బస్సెక్కుదాం పదండి.”

నాకు వెంటనే కోపం వచ్చింది. తరవాత సిగ్గు వేసింది. ఆ తరవాత, చెప్పొద్దూ, గుండెల మీదనుంచి బండరాయి దించినట్టయింది. బిక్కవోలు దాకా రెండో గేరులో, ఒంటరిగా, గట్టు పక్కనుంచి నడిపాను. ఆవిడ ఆటోలో వెనకనే వచ్చింది. అక్కడొక మెకానిక్కు షాపు ముందు బండి పెట్టి, కాస్త అంతా చూడవయ్యా అని చెప్పి, బస్సెక్కాం. సామర్లకోట చేరేలోగా నేను ఆవిడ భుజం మీద తలపెట్టి నిద్రపోయానట.

పెళ్ళిపందిట్లో మా బావగారు వదల్లేదు. “ఏం బావా, బుల్లెట్టేదీ? బస్సులో దిగావేం?” అని నలుగురిలో అడిగాడు.

“దానికి ఒంట్లో బాగాలేదు అన్నయ్యగారూ” అంది మా ఆవిడ.

మరునాడంతా కాకినాడలోనే ఉండి, తొమ్మిది గంటలు నిద్రపోయాను. ఖాళీగా ఉండబట్టి జరిగినదంతా నెమరువేసుకున్నాను. విమానం నడిపేవాళ్ళకు అమెరికాలో ఒక పద్ధతి నేర్పుతారు. ఎక్కేముందు విమానాన్ని చూసుకున్నట్టే తన్ను తాను చూసుకోవాలి: రోగముందా, మందు వేసుకున్నానా, దిగులుందా, తాగానా, అలసటగా ఉందా, మనసు కుదురుగా ఉందా. నాకు ఆ ఉదయం వీటిలో మూడు ఉన్నాయి. పైగా అడగకుండానే నాలుగుసార్లు చెప్పాయి: కిక్కురాడ్డు దగ్గర ఒకసారి, కడియంలో, ద్వారపూడిలో, గుంట దగ్గర. బండికి నాలుగుసార్లు చప్పుడు తేడాగా వస్తే ఆపి చూడనివాడు ఉంటాడా?

అయితే తప్పు ఎప్పుడూ మనదే అనుకోవడమూ తప్పే. వెనక టైరులో గాలి తగ్గినా, గొలుసు వదులైనా బండి ఇట్లాగే పరాయిగా తోస్తుంది. ముందు అవి చూసుకోవాలి. అవన్నీ బాగుంటే, అప్పుడు ఇక మన సంగతే. ఇంట్లో మాటామాటా వచ్చి బయలుదేరిన రోజు, ఆఫీసులో తిట్లు తిని వచ్చే సాయంత్రం, ఎండన పడి వచ్చిన మధ్యాహ్నం, ఇవన్నీ ఆ కోవలోవే. ప్రయాణం మానలేని రోజు ఒకటి ఉంటుంది, నిజమే. అప్పుడు ఒక టీకొట్టు చూసి ఆగి, కాఫీ తాగి, పావుగంట బల్ల మీద నడుం వాల్చి, అవతలివాడు ఎంత నెమ్మదిగా పోతున్నా దాటకుండా వాడి వెనకనే పోవచ్చు. ఈ మాటలు నాకు ముందే తెలుసు. మా అబ్బాయికి వందసార్లు చెప్పాను కూడా.

మూడోనాడు ఉదయం ఇద్దరం బస్సులో బిక్కవోలు వచ్చాం. మెకానిక్కు బండి తుడిచి నీడన పెట్టాడు.

“ఏం రోగమయ్యా దీనికి?” అన్నాను.

“బండికేం రోగం లేదండి. గాలి సరిపోయింది, గొలుసు బాగుంది, బ్రేకులు బాగున్నాయి. తవరికి ఎక్కడ తేడా వచ్చిందో చెబితే చూస్తాను.”

ఏం చెప్పను? చేతిలో డబ్బులు పెట్టి బండి రోడ్డు మీదకు తెచ్చాను. మా ఆవిడ నా మొహం వంక ఒకసారి పరీక్షగా చూసింది. “ఎట్లా ఉంది ఇవాళ?” అంది.

అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా నొక్కి, మీట పట్టి వదిలి, తన్నాను. రెండో తన్నుకు బండి అందుకుంది. వెనక్కు తిరిగి చూద్దును గదా, ఆవిడ హెల్మెట్టు తలకు పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించుకుంటోంది.

“పూలేవి?” అన్నాను.

“సంచీలో ఉన్నాయి, పోనివ్వండి” అంది.